పసుపు పొగ, ఆరెంజ్ ప్యానెల్, కనపడని లైటు: మన విమానమే మన మీద బాంబు వేస్తే

ఈ రోజు ఎపిసోడ్ యుద్ధం గురించే, కానీ ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అనే కథ కాదు. పైన ఎగిరే విమానం మనదే. కింద నేల మీద ఉన్న సైనికులూ మనవాళ్ళే. అయినా బాంబు వచ్చి వాళ్ళ మీదే పడుతుంది. దీన్నే ఫ్రెండ్లీ ఫైర్ అంటారు. పేరులో మాత్రమే ఫ్రెండ్ ఉన్నాడు, జరిగేదాంట్లో కాదు.

ఈ టాపిక్ ఎత్తగానే ఎవరికైనా వచ్చే మొదటి డౌట్ ఒకటే. ఇన్ని శాటిలైట్లు ఉన్నాయి, రాత్రిపూట కూడా చూసే కెమెరాలు ఉన్నాయి, మన చేతిలో ఫోనే మనం ఏ గల్లీలో ఉన్నామో చెప్తుంది. మరి కోట్ల రూపాయల విమానానికి కింద ఉన్నది మనవాడో కాదో తెలియదా?

నేను బీటెక్ చేసి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఇటువైపు వచ్చినవాణ్ణి. కాబట్టి ఈ చరిత్ర చదువుతుంటే నాకు ఆయుధాల కంటే ముందు ఒక ప్రోటోకాల్ ప్రాబ్లమ్ కనిపించింది. ఒకడు సిగ్నల్ పంపుతాడు. అవతలివాడికి అది అందిందా? అందితే అదే అర్థంలో అందిందా? ఈ రెండు ప్రశ్నలకి జవాబు లేకుండా పంపిన సిగ్నల్ వల్ల వందేళ్ళుగా మనుషులు చనిపోతూనే ఉన్నారు. ఒక్కొక్క కేసూ చూద్దాం.

వీపు మీద రేకు ముక్క

మొదటి ప్రపంచ యుద్ధం. 1916 జులై 1, ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలైన రోజు. బ్రిటిష్ 29వ డివిజన్ సైనికులు వీపు మీద రేకుతో చేసిన త్రికోణాలు కట్టుకుని ముందుకి నడిచారు. ఎందుకంటే, ఎండ పడి ఆ రేకు మెరిస్తే, విమానంలోంచి చూసేవాళ్ళకి, వెనకాల ఫిరంగుల దగ్గర ఉన్నవాళ్ళకి మనవాళ్ళు ఎక్కడిదాకా వెళ్ళారో తెలుస్తుందని. అప్పట్లో రేడియో ప్రతి సైనికుడి దగ్గరా లేదు కదా. సో, పైవాడికి కనపడేలా ఒక గుర్తు పెట్టుకోవడం, అదే టెక్నాలజీ.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది చూడండి. గుర్తు అనేది అందరికీ కనిపిస్తుంది. మనవాడికి కనిపించేది శత్రువుకీ కనిపిస్తుంది. పైగా ఎండ లేకపోతే మెరవదు. దుమ్ము లేస్తే కనపడదు. పైనున్నవాడు చూశాడో లేదో కిందవాడికి తెలిసే దారే లేదు. ఈ తిరకాసులు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

1944 జులై: రోడ్డు దాటి వచ్చిన బాంబులు

రెండో ప్రపంచ యుద్ధానికి వద్దాం. 1944 జూన్‌లో మిత్రరాజ్యాల సైన్యం ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగింది. కానీ జులై వచ్చినా పెద్దగా ముందుకి కదల్లేకపోయింది. అప్పుడు అమెరికన్ జనరల్ ఒమర్ బ్రాడ్లీ ఒక ప్లాన్ వేశాడు. పేరు ఆపరేషన్ కోబ్రా. జర్మన్ సైన్యం మీద సుమారు 1,500 పెద్ద బాంబర్లతో ఒక్కసారిగా బాంబులు కురిపించి, ఆ దెబ్బకి పడిన కంతలోంచి అమెరికన్ సైన్యం దూసుకుపోవాలి.

మనవాళ్ళెక్కడ, శత్రువెక్కడ అని తెలియడానికి అక్కడ ఒక సూటి రోడ్డు ఉంది. సాన్ లో నుంచి పెరియే వెళ్ళే రోడ్డు. రోడ్డుకి ఇటువైపు అమెరికన్లు, అటువైపు జర్మన్లు. పైనుంచి చూస్తే గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇంకేం కావాలి?

బ్రాడ్లీ కోరింది ఒకటే. విమానాలు రోడ్డు వెంబడే, రోడ్డుకి సమాంతరంగా రావాలి. అప్పుడు బాంబు కాస్త ముందో వెనకో పడినా జర్మన్ల వైపే పడుతుంది. కానీ వైమానిక దళం లెక్క వేరు. ఇరుకైన పక్క నుంచి అన్ని విమానాలు గంట లోపల దూరడం కుదరదు, పైగా జర్మన్ విమాన విధ్వంసక ఫిరంగుల మీదుగా ఎక్కువసేపు ఎగరాలి. అందుకని వాళ్ళు అడ్డంగా, అంటే అమెరికన్ సైనికుల తలల మీదుగా వచ్చారు. ఇలా వస్తే ఒక్క క్షణం ముందు బటన్ నొక్కినా బాంబు మనవాళ్ళ మీదే. సైన్యం కిలోమీటరుకి కాస్త ఎక్కువ దూరం వెనక్కి జరగడానికి ఒప్పుకుంది. వైమానిక దళం అడిగింది అంతకు రెట్టింపు పైనే. ఎందుకు ఒప్పుకోలేదంటే, అంత వెనక్కి పోతే బాంబులు పడ్డాక మళ్ళీ ముందుకొచ్చేసరికి జర్మన్లు తేరుకుంటారు.

జులై 24న మబ్బు పట్టింది. దాడి ఆపమన్న ఆర్డర్ అందేలోపు కొన్ని విమానాలు వచ్చేశాయి. వాటి బాంబులు పడి 25 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు, 131 మంది గాయపడ్డారు. మరుసటి రోజు, జులై 25, మళ్ళీ అదే దారిలో వచ్చారు. టార్గెట్ ఎక్కడో చూపించడానికి ఫిరంగులతో ఎర్ర పొగ గుండ్లు పేల్చారు. మొదటి బాంబులకి లేచిన దుమ్ము, ఈ పొగ కలిసి గాలికి అమెరికన్ల వైపే జరగడం మొదలైంది. రోడ్డు కనపడకుండా పోయింది. గుంపులో ముందున్న విమానం వదలగానే వెనకున్నవీ వదులుతాయి, కాబట్టి ఒకడి తప్పు గుంపు తప్పు అవుతుంది. ఆ రోజు 111 మంది చనిపోయారు, 490 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో దాడిని దగ్గరుండి చూడ్డానికి వచ్చిన లెఫ్టినెంట్ జనరల్ లెస్లీ మెక్‌నేర్ కూడా ఉన్నాడు. ఆ యుద్ధంలో చనిపోయిన అత్యున్నత స్థాయి అమెరికన్ సైనికాధికారుల్లో ఆయన ఒకడు.

ఆపరేషన్ కోబ్రా చివరికి సక్సెస్ అయింది. జర్మన్ గీత తెగింది. అందుకే చరిత్ర పుస్తకాల్లో దాన్ని గెలుపుగానే రాస్తారు. ఆ 136 మంది కుటుంబాలకి మాత్రం అది ఇంకో లెక్క.

1944 ఆగస్టు: ఒకే రంగు, రెండు అర్థాలు

కోబ్రాలో గుర్తు గాలికి కొట్టుకుపోయింది. మూడు వారాలకి ఫలేజ్ అనే ఊరి దగ్గర జరిగింది అంతకంటే దారుణం. ఎందుకంటే అక్కడ గుర్తు చక్కగా కనిపించింది.

ఆగస్టు 14. బ్రిటిష్ బాంబర్ కమాండ్ విమానాలు దాదాపు 800, కెనడా, పోలండ్ సైనికులకి సాయంగా వచ్చాయి. వాటిలో కొన్ని తప్పు చోట బాంబులు వేయడం మొదలుపెట్టాయి. కిందున్న సైనికులు తమకి చెప్పిన రూల్ ప్రకారం వెంటనే పసుపు పొగ వదిలారు, పసుపు మంటలు వెలిగించారు. ఆ సైన్యంలో పసుపు అంటే ‘మేం మీవాళ్ళం, ఆపండి’ అని అర్థం.

కానీ ఆ రోజు బాంబర్ల దగ్గర పసుపు మార్కర్ అంటే ‘టార్గెట్ ఇదే, ఇక్కడ వేయండి’ అని అర్థం. పసుపు పొగ అనే రూల్ ఒకటి ఉందని బాంబర్ కమాండ్‌కి ఎవరూ చెప్పలేదు.

ఒక్కసారి ఊహించుకోండి. కింద ఉన్నవాడు ప్రాణభయంతో ఇంకో డబ్బా పసుపు పొగ వదులుతున్నాడు. వదిలేకొద్దీ పైవాడికి టార్గెట్ ఇంకా క్లియర్‌గా కనిపిస్తోంది. చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు కలిపి దాదాపు 400 మంది. ఆ విమానాల్లో కొన్నిటిని నడిపింది కూడా కెనడా వాళ్ళే.

దీన్ని సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తే, రెండు సిస్టమ్స్ ఒకే కోడ్‌ని రెండు రకాలుగా చదివాయి. పంపినవాడి వైపు బగ్ లేదు. అందుకున్నవాడి వైపూ బగ్ లేదు. ఇద్దరూ తమ తమ మాన్యువల్ ప్రకారమే చేశారు. బగ్ ఉన్నది ఇద్దరి మధ్యలో.

మన దగ్గరికి వస్తే

ఇది యూరప్ వాళ్ళ పాత కథ కదా అనుకోకండి. 1971 డిసెంబర్, బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం. ఇక్కడ కింద ఉన్నది నేల మీది సైనికులు కాదు, నది మీది పడవలు, కానీ సమస్య అదే. డిసెంబర్ 10న మన నేవీ పడవ ఐఎన్ఎస్ పన్వేల్, ముక్తి బాహిని గన్‌బోట్లు పద్మ, పలాశ్ కలిసి ఖుల్నా వైపు వెళ్తున్నాయి. మన విమానాలు గుర్తుపట్టాలని పడవల పైభాగానికి పసుపు రంగు గుర్తు పెట్టారు. అయినా భారత వైమానిక దళం విమానాలే పొరపాటున వాటి మీద దాడి చేశాయి. పద్మ, పలాశ్ రెండూ పోయాయి. పలాశ్ ఇంజన్ రూమ్‌లో ఉన్న మొహమ్మద్ రుహుల్ అమీన్ ఆ రోజు ప్రాణాలు కోల్పోయాడు. బంగ్లాదేశ్ అత్యున్నత సైనిక పురస్కారం బీర్ శ్రేష్ఠ ఆయనకి ఇచ్చారు.

రంగు గుర్తు పెట్టడంతో పని అయిపోదని ఇది మళ్ళీ ఋజువు చేసింది.

మరి రేడియో గుర్తు ఉంటే సరిపోదా?

సరే, రంగులు వద్దు, పొగ వద్దు. మిషనే మిషన్‌ని అడిగితే? ఈ ఐడియా కూడా రెండో ప్రపంచ యుద్ధం నాటిదే. దీన్ని ఐఎఫ్‌ఎఫ్ అంటారు. ఒక యంత్రం రేడియోలో ప్రశ్న పంపుతుంది. అవతలి విమానంలో ఉన్న పెట్టె సరైన కోడ్‌తో జవాబిస్తుంది. జవాబు సరిగ్గా వస్తే మనవాడు.

జవాబు రాకపోతే? చాలామంది ‘శత్రువు’ అనేస్తారు. అక్కడే ప్రమాదం. జవాబు రాకపోతే దానర్థం ‘తెలియదు’ అని మాత్రమే. పెట్టె పాడై ఉండొచ్చు, ఆఫ్‌లో ఉండొచ్చు, కోడ్ మారి ఉండొచ్చు. ఈ టెక్నాలజీ ‘మనవాడు’ అని చెప్పగలదు కానీ ‘శత్రువు’ అని ఎప్పటికీ చెప్పలేదు. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గామ్ దగ్గర మన మిస్సైలే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని కూల్చింది. ఆరుగురు వైమానిక దళం వాళ్ళు, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పిదమని ఆ ఏడాది అక్టోబర్‌లో వైమానిక దళాధిపతే ఒప్పుకున్నారు. అది కింది నుంచి పైకి జరిగింది కాబట్టి ఈ రోజు టాపిక్‌కి రివర్స్ కేసు, కానీ ‘ఎవరు’ అనే ప్రశ్న ఎంత కష్టమో చెప్పడానికి గుర్తుచేస్తున్నా.

నేల మీద ఇది ఇంకా కష్టం. ఆకాశంలో విమానాలు పదులో వందలో ఉంటాయి. నేల మీద టాంకులు, జీపులు, కాలినడకన వెళ్ళే సైనికులు వేలల్లో ఉంటారు. అందరికీ ఖరీదైన పెట్టె తగిలించాలి. అమెరికన్ ఆర్మీ 1990లలో యుద్ధ వాహనాల కోసం ఇలాంటి ప్రశ్న-జవాబు సిస్టమ్ తయారు చేసింది. ఖర్చు భరించలేక 2001లో ఆపేసింది.

ఎందుకు తయారు చేయాల్సి వచ్చిందంటే, 1991 గల్ఫ్ యుద్ధం. ఆ యుద్ధంలో పోరులో చనిపోయిన అమెరికన్లు 148 మంది. అందులో 35 మంది తమవాళ్ళ చేతుల్లోనే పోయారు. అంటే దాదాపు ప్రతి నలుగురిలో ఒకడు. ఎక్కువ శాతం నేల మీద ఒక వాహనం ఇంకో వాహనాన్ని కాల్చడం వల్లే. కానీ విమానాల వల్ల కూడా జరిగింది. ఫిబ్రవరి 26న రెండు అమెరికన్ ఏ-10 విమానాలు బ్రిటిష్ వారియర్ వాహనాల మీద మిస్సైళ్ళు వేస్తే 9 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. ఆ వాహనాల మీద తలకిందుల ‘వి’ గుర్తు, మెరిసే రంగు ప్యానెల్స్ అన్నీ ఉన్నాయి. పైలట్లకి అవి కనపడలేదు.

పన్నెండేళ్ళ తర్వాత అదే దేశం, మళ్ళీ ఏ-10 విమానాలే, మళ్ళీ బ్రిటిష్ వాహనాలే. 2003 మార్చి 28, బస్రా సమీపంలో. ఈసారి పైలట్లకి వాహనాల పైన ఉన్న ఆరెంజ్ ప్యానెల్స్ కనపడ్డాయి. కానీ ఆ ఏరియాలో మనవాళ్ళెవరూ లేరని వాళ్ళకి రేడియోలో చెప్పి ఉన్నారు. దాంతో ఆ ఆరెంజ్ రంగుని రాకెట్లు అనుకున్నారు. కాల్పుల్లో ఒక బ్రిటిష్ సైనికుడు చనిపోయాడు. కాక్‌పిట్ వీడియో తర్వాత బయటికి లీకైంది. 2007లో బ్రిటన్‌లో విచారణ జరిపిన కరోనర్ అది చట్టవిరుద్ధమైన మరణం అని తేల్చాడు.

1991లో గుర్తు కనపడలేదు. 2003లో కనపడింది, అయినా తప్పుగా చదివారు. ముందే ‘అక్కడ శత్రువు ఉన్నాడు’ అని ఫిక్సైపోయిన కంటికి ఏ గుర్తయినా శత్రువులాగే కనిపిస్తుంది.

బ్యాటరీ మార్చిన నిమిషం

ఇప్పుడు నన్ను బాగా కదిలించిన కేసు.

ఇరవయ్యో శతాబ్దం చివరికి బాంబులే మారిపోయాయి. జీపీఎస్ కిట్ తగిలించిన బాంబు వచ్చింది. దానికి నంబర్లు ఇస్తే చాలు, రాత్రైనా మబ్బైనా ఆ నంబర్లు చెప్పిన చోట పది మీటర్లు అటూ ఇటూగా పడుతుంది. ఇంకేముంది, కోబ్రా లాంటివి ఇక జరగవు అనుకున్నారు. ఒక రకంగా నిజమే. గురి తప్పి పడటం బాగా తగ్గింది.

2001 డిసెంబర్ 5, అఫ్ఘానిస్తాన్‌లో కాందహార్‌కి ఉత్తరాన. హమీద్ కర్జాయ్ తన మనుషులతో, అమెరికన్ స్పెషల్ ఫోర్సెస్ టీమ్‌తో కలిసి తాలిబాన్‌ని ఎదుర్కొంటున్నాడు. టీమ్‌లో విమానాలకి టార్గెట్ చెప్పే కంట్రోలర్ ఒకడు ఉన్నాడు. అతని చేతిలో జీపీఎస్ రిసీవర్. దాంతో శత్రువు ఉన్న చోటు లెక్కగట్టాడు. సరిగ్గా పంపబోయే ముందు బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ మార్చాడు. రిసీవర్ మళ్ళీ ఆన్ అయింది. స్క్రీన్ మీద నంబర్లు ఉన్నాయి. అవి తను లెక్కగట్టినవే అనుకుని బీ-52 విమానానికి చదివాడు.

అవి శత్రువు నంబర్లు కావు. ఆ రిసీవర్ బ్యాటరీ మార్చాక మొదట చూపించేది అది తను ఉన్న చోటు. అంటే అతను తన సొంత అడ్రసే చదివి ఇచ్చాడు.

దాదాపు 900 కిలోల బాంబు. గురి తప్పలేదు. చెప్పిన చోటే పడింది. ముగ్గురు అమెరికన్ సైనికులు, వాళ్ళ పక్కనే ఉన్న అఫ్ఘాన్లు చనిపోయారు. కర్జాయ్ స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. అదే రోజు జర్మనీలోని బాన్ నగరంలో జరుగుతున్న సమావేశం ఆయన్ని అఫ్ఘానిస్తాన్ తాత్కాలిక ప్రభుత్వాధినేతగా ప్రకటించింది. బాంబు ఇంకాస్త అటో ఇటో పడి ఉంటే ఒక దేశం చరిత్రే మారిపోయేది.

ఇందులో ఎవరిది తప్పు? ‘సొంత లొకేషన్ చూపించడం’ అనే డిఫాల్ట్‌ని డిజైన్ చేసినవాడు చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. అడవిలో దారి తప్పినవాడు జీపీఎస్ ఆన్ చేస్తే వాడికి కావాల్సింది వాడున్న చోటే కదా. ఫుడ్ డెలివరీ యాప్ కూడా అంతే చేస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని గుంటూరులో ఉన్న అమ్మకి ఆర్డర్ పెడదామని యాప్ తెరిస్తే, అది ముందు చూపించేది మన అడ్రసే. చూసుకోకపోతే బిర్యానీ మన ఇంటికొస్తుంది. నవ్వుకుని తినేస్తాం. కానీ అదే డిఫాల్ట్ బాంబు వేసేవాడి చేతిలో ఉంటే? దారి చూపే వస్తువుకి మంచిదైన డిఫాల్ట్, టార్గెట్ చెప్పే వస్తువుకి ప్రాణాంతకం. ఆ స్క్రీన్ ఖాళీగా ఉండి ఉంటే అతను మళ్ళీ లెక్కగట్టేవాడు. మహా అయితే ఒకటి రెండు నిమిషాలు ఆలస్యం అయ్యేది.

వెలుగుతున్నా కనపడని లైటు

ఇంకొక్క కేసు. ఇది మీ ఫోన్‌తో మీరే టెస్ట్ చేసుకోవచ్చు. టీవీ రిమోట్ తీసుకోండి. ముందు భాగం కంటితో చూస్తూ బటన్ నొక్కండి, ఏమీ కనపడదు. ఇప్పుడు ఫోన్ సెల్ఫీ కెమెరా ఆన్ చేసి దానికి చూపిస్తూ నొక్కండి. చాలా ఫోన్లలో లైటు మిణుకుమనడం కనిపిస్తుంది. అది ఇన్‌ఫ్రారెడ్ లైటు. కంటికి కనపడదు, కెమెరాకి కనిపిస్తుంది.

సైనికులు దీన్నే వాడతారు. హెల్మెట్‌కి చిన్న ఇన్‌ఫ్రారెడ్ లైటు పెట్టుకుంటారు. అది మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. మామూలు కంటితో చూసే శత్రువుకి కనపడదు. నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకున్న మనవాడికి కనిపిస్తుంది. రేకు ముక్క కాలం నాటి తిరకాసుకి ఇదొక మంచి పరిష్కారం. గల్ఫ్ యుద్ధం తర్వాత వీటి వాడకం బాగా పెరిగింది. వాటిలో కొన్ని మామూలు 9 వోల్టుల బ్యాటరీకి తగిలించుకునేంత చిన్నవి.

కానీ ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా రకాలున్నాయి. రిమోట్ లైటు లాంటిది ఒక రకం. ఒంటి వేడి, ఇంజన్ వేడి నుంచి వచ్చేది ఇంకో రకం. వేడిని చూసే కెమెరాకి రిమోట్ లాంటి లైటు కనపడదు.

2014 జూన్ 9, అఫ్ఘానిస్తాన్‌లోని జాబుల్ ప్రాంతం. రాత్రివేళ అమెరికన్, అఫ్ఘాన్ సైనికుల మీద కాల్పులు జరుగుతున్నాయి. సాయానికి బీ-1 బాంబర్ వచ్చింది. కింద కొండ మీద తుపాకులు పేలుతున్న మెరుపులు సిబ్బందికి కనిపించాయి. అక్కడ మనవాళ్ళ లైట్లు ఉన్నాయా అని చూశారు. కనపడలేదు. అయితే శత్రువే అని తేల్చుకుని రెండు బాంబులు వేశారు. ఐదుగురు అమెరికన్ సైనికులు, ఒక అఫ్ఘాన్ సైనికుడు చనిపోయారు. కొండ మీద ఉన్నది వాళ్ళే. వాళ్ళ హెల్మెట్ల మీద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. బీ-1కి ఉన్న టార్గెటింగ్ కెమెరాకి ఆ లైట్లు చూసే శక్తే లేదు. ఆ సంగతి విమానంలో ఉన్నవాళ్ళకీ తెలియదు, కింద ఉన్న కంట్రోలర్‌కీ తెలియదు అని సైనిక విచారణలో తేలింది.

ఇందాక ఐఎఫ్‌ఎఫ్ గురించి ఏం అనుకున్నాం? జవాబు రాకపోతే ‘తెలియదు’ అని అర్థం, ‘శత్రువు’ అని కాదు. ఇక్కడ సరిగ్గా ఆ తప్పే జరిగింది. ఫలేజ్‌లో పసుపు పొగ నుంచి జాబుల్‌లో ఈ లైటు దాకా 70 ఏళ్ళు. లైటు మారింది, కెమెరా మారింది, ఇద్దరి మధ్యలో ఉన్న ఖాళీ మారలేదు.

మరి పనిచేసింది ఏంటి?

అంతా చీకటే అని చెప్పడానికి కాదు ఈ ఎపిసోడ్. పనిచేసినవి ఉన్నాయి. విచిత్రం ఏంటంటే వాటిలో బాగా పనిచేసింది పెద్ద మిషన్ కాదు, మాట్లాడే పద్ధతి.

అమెరికా, నాటో సైన్యాల్లో కింద ఉన్న కంట్రోలర్ విమానానికి దాడి వివరాలు చెప్పేటప్పుడు తొమ్మిది లైన్ల మెసేజ్ ఒకటి వాడతారు. ఎక్కడి నుంచి రావాలి, ఏ దిక్కులో, ఎంత దూరం, టార్గెట్ ఎంత ఎత్తులో ఉంది, అది ఏంటి, ఎక్కడుంది, దాన్ని ఎలా గుర్తు పెట్టారు... ఇలా వరుసగా. అందులో ఎనిమిదో లైన్: మనవాళ్ళు ఎక్కడున్నారు. టార్గెట్ నుంచి ఏ దిక్కులో, ఎంత దూరంలో. ప్రతిసారీ చెప్పాలి. టార్గెట్ లొకేషన్, ఎత్తు లాంటి కీలకమైన నంబర్లని పైలట్ తిరిగి చదివి వినిపించాలి. మన ఊళ్ళల్లో ఎవరికైనా ఫోన్ నంబర్ చెప్పాక ‘ఏదీ, ఒకసారి తిరిగి చెప్పు’ అంటారు చూడండి, అదే. పంపడంతో పని అయిపోలేదు, అవతలివాడి నోటి నుంచి మళ్ళీ విన్నప్పుడే అయినట్టు.

కానీ దీనికీ ఒక హద్దుంది. కాందహార్ కేసులో పైలట్ ఆ నంబర్లు తిరిగి చదివినా అవే తప్పు నంబర్లు వినిపించేవి. రీడ్‌బ్యాక్ చెవి తప్పుని పట్టుకుంటుంది, మూలంలో ఉన్న తప్పుని పట్టుకోదు. దానికి రెండో దారి కావాలి. టార్గెట్ నంబర్, మనవాళ్ళ నంబర్ వేరువేరుగా తెలిస్తే, ఆ రెండూ ఒకటే అయినప్పుడు ఎవరైనా ‘ఆగండి’ అనగలరు.

అందుకే తర్వాత వచ్చిన రెండు టెక్నాలజీలు నాకు నచ్చుతాయి. ఒకటి బ్లూ ఫోర్స్ ట్రాకర్. 2003 ఇరాక్ యుద్ధంలో పెద్ద ఎత్తున వాడారు. మనవాళ్ళ వాహనాలు శాటిలైట్ ద్వారా తమ లొకేషన్ పంపుతూ ఉంటే, మ్యాప్ మీద నీలం గుర్తులుగా కనిపిస్తాయి. రెండోది రోవర్. విమానం కెమెరాలో కనిపించే వీడియోనే కింద కంట్రోలర్ తన స్క్రీన్ మీద లైవ్‌లో చూస్తాడు. ‘నువ్వు చూస్తున్నది ఆ ఇల్లు కాదు, దాని పక్కది’ అని చెప్పగలడు. ఇద్దరి కళ్ళ ముందు ఒకే బొమ్మ. ఫలేజ్‌లో ఇది ఉండి ఉంటే పసుపు అంటే ఏంటి అనే గొడవే వచ్చేది కాదు.

ఇవి కూడా పర్ఫెక్ట్ కాదు. నీలం గుర్తు అప్‌డేట్ అవడానికి టైమ్ పడుతుంది, వాహనం దిగి నడిచే సైనికుడు మ్యాప్‌లో ఉండకపోవచ్చు, పై విమానం దగ్గర ఆ మ్యాప్ ఉండకపోవచ్చు. మ్యాప్‌లో నీలం లేదు కాబట్టి అక్కడ మనవాళ్ళు లేరు అనుకుంటే మళ్ళీ పాత తప్పే.

నేను ఇదంతా ఎందుకు చెప్పానంటే

ఇప్పుడు అందరూ ఏఐ గురించి మాట్లాడుతున్నారు. డ్రోన్ తనే చూసి, తనే గుర్తుపట్టి, తనే కాల్చేస్తుంది అంటున్నారు. మిషన్ అలసిపోదు, భయపడదు, కాబట్టి ఫ్రెండ్లీ ఫైర్ ఉండదు అనే మాట కూడా వింటున్నాం. అలసట, భయం తగ్గడం మంచిదే. కానీ మనం చూసిన కేసుల్లో ఫలేజ్‌లో గానీ, కాందహార్‌లో గానీ, జాబుల్‌లో గానీ మిషన్లు చెడిపోలేదు. అన్నీ తమకి చెప్పినట్టే పనిచేశాయి. పొగ రంగు కరెక్టే, బాంబు గురి కరెక్టే, లైటు వెలిగింది, కెమెరా దాని పని అది చేసింది.

కాబట్టి ఇలాంటి కొత్త టెక్నాలజీ న్యూస్ ఎప్పుడు చూసినా మూడు ప్రశ్నలు అడగండి. ఈ గుర్తు అవతలివాడికి కనిపిస్తుందా? కనిపించిందని పంపినవాడికి ఎలా తెలుస్తుంది? ఏమీ కనపడనప్పుడు మిషన్ ‘తెలియదు’ అంటుందా, ‘శత్రువు’ అంటుందా? మూడో ప్రశ్నకి జవాబు లేని మిషన్ ఎంత తెలివైనదైనా దాని చేతికి తుపాకీ ఇవ్వకూడదని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు, కింద రాయండి, చదువుతా.

మనలో చాలామంది ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ళో, కోడ్ రాస్తున్నవాళ్ళో ఉన్నారు. రేపు మీలో ఎవరో ఒకరు డ్రోన్ కంపెనీలోనో, రక్షణ సంస్థలోనో కూర్చుని ఒక చిన్న స్క్రీన్ డిజైన్ చేస్తారు. అందులో ఒక నంబర్ పోయి, మిషన్ రీస్టార్ట్ అయినప్పుడు అక్కడ ఏం చూపించాలి అనే ప్రశ్న వస్తుంది. ఏదో ఒక విలువ పెట్టేస్తే స్క్రీన్ అందంగా ఉంటుంది, టెస్టింగ్ కూడా పాస్ అవుతుంది. దయచేసి ఖాళీగా వదిలేయండి. ‘విలువ లేదు, మళ్ళీ ఇవ్వండి’ అని రాయండి. ఆ స్క్రీన్ పట్టుకుని కొండ మీద నిలబడేవాడికి ఆ ఖాళీయే రక్ష.

ఈ రోజుకి ఇంతే ఫ్రెండ్స్. ఎపిసోడ్ నచ్చితే మీ గ్రూపుల్లో ఉన్న ఇంజనీర్ ఫ్రెండ్‌కి పంపండి. మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.